అత్తగారి సాక్ష్యం

ఆ గదిలో రెండు కుర్చీలు, ఒక నీళ్ళ జగ్గు, గోడకి ఒక పెద్ద అద్దం తప్ప ఇంకేమీ ఉండవు. బల్ల ఉండదు. మధ్యలో బల్ల ఉంటే మాట దాని మీదే ఆగిపోతుందని ప్రాక్టికల్స్ చెప్పే మాస్టారి నమ్మకం. ఆయన పోలీసు శాఖలో దర్యాప్తులు చేసి చేసి రిటైరై, పాఠాలు చెప్పడానికి వచ్చిన మనిషి. అద్దానికి అవతల చీకటిగదిలో ఆయనా, మిగతా క్లాసూ కూర్చుంటారు. ఇవతల ఒక కుర్చీలో సాక్షి, ఎదురుగా విద్యార్థి. విద్యార్థి పని ఆ సాక్షి చేత మాట్లాడించడం. మాట్లాడించాలంటే ముందు తను నోరు మూసుకోవాలి. నేరశాస్త్రం పీజీలో మొదటి ఏడాదంతా పుస్తకాలు ఈదుకొచ్చినవాళ్ళు రెండో ఏడాది వచ్చి మునిగిపోయేది ఈ గదిలోనే.

చిటపట మరీ ఘోరంగా మునిగేది.

"అమ్మా, సాక్షి ఆలోచించుకుంటోంది. నువ్వెందుకు మధ్యలో దూరావు?" అనేవారు మాస్టారు, బయటికొచ్చాక.

"ఆవిడ ఆగిపోయింది కదండీ."

"ఆగింది నోరు. తల నడుస్తూనే ఉంది. నువ్వెళ్ళి దానికి అడ్డంగా పడుకున్నావు."

"ఎంతసేపని ఊరుకుంటామండీ. నాకు ఊపిరాడదు."

"ఊపిరి పీల్చుకోమ్మా. దానికి మార్కులు తీసెయ్యను."

క్లాసంతా నవ్వేది. అందరూ ఆమె కన్నా పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు, అక్కా అక్కా అంటూ ఆమె డబ్బాలోంచి తినేవాళ్ళు. వాళ్ళతో పాటు ఆమె కూడా నవ్వేది గానీ కాలి బొటనవేలు మాత్రం చెప్పులో కదులుతూనే ఉండేది. కాగిన పెనం మీద పడ్డ నీటిచుక్కలా ఒకచోట నిలవదని చిన్నప్పుడు పుట్టింట్లో పెట్టిన పేరు చిటపట. పెళ్ళయ్యాక కొత్త కోడల్ని కొత్త పేరుతో పిలుద్దామని అత్తగారు వారం రోజులు ప్రయత్నించింది. ఎనిమిదో రోజున, "వద్దులే, నీకు పెట్టినవాళ్ళకి బుర్రుంది" అని తనూ ఆ పేరుకే దిగిపోయింది.

చదువుకి రాకముందు చిటపట ఒక పెద్ద షాపింగ్ మాల్లో ఆడవాళ్ళ గుమ్మం దగ్గర, తెర వెనక నిలబడి సంచులు తనిఖీ చేసేది. కుయ్యిమనే కర్రొకటి చేతిలో పట్టుకుని పదకొండేళ్ళు అదే పని. ఒకసారి ఒకమ్మాయి సంచిలో పసిపిల్లల బూట్లు దొరికాయి, బిల్లు లేదు. పోలీసులొచ్చి తీసుకెళ్ళారు. ఆ అమ్మాయి ఏడవలేదు, బతిమాలలేదు, వెళ్తూ వెళ్తూ తన జడ సవరించుకుంది. ఆ తర్వాత ఏమైందని చిటపట సూపర్‌వైజర్ని అడిగింది. "మన పని గుమ్మం వరకే" అన్నాడాయన. మర్నాడు మళ్ళీ అడిగింది. వారం తర్వాత మళ్ళీ అడిగింది. ఆయన ఆమెని చూస్తే పక్క లిఫ్టులోకి తప్పుకునే దాకా అడిగింది. గుమ్మం అవతల ఏం జరుగుతుందో చెప్పేవాళ్ళు దొరక్క, దూరవిద్యలో డిగ్రీ కట్టి, ఆ మీదట పీజీలో సీటు తెచ్చుకుంది. "దొంగల మీద చదువేంటే" అని అత్తగారు నోరెళ్ళబెట్టింది గానీ, ఫలితాలొచ్చిన రోజున అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళనీ ఆపి చెప్పింది కూడా ఆవిడే.

రెండో ఏడాది సగంలో ఉండగా చిటపటకి గొంతు పట్టేసింది. ఆ రోజే ఆమె వంతు. క్లాసువాళ్ళు ముందుగా ఒక చిన్న దొంగతనం ఆడి చూపించారు. దొంగ వేషం వేసిన పొడుగుపాటి కుర్రాడు ఎడమకాలు ఈడ్చుకుంటూ పారిపోయాడు. దాన్ని చూసిన ఆఫీసు గుమాస్తా సాక్షి కుర్చీలో కూర్చుంది. అంతకుముందు నలుగురు విద్యార్థులు ఆవిణ్ణి ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు, కాలు సంగతి బయటపడలేదు. చిటపటకి మాట పెగల్లేదు కాబట్టి ఊరికే చూస్తూ కూర్చుంది. గుమాస్తా కాసేపు గోడ చూసింది, కాసేపు తన గోళ్ళు చూసుకుంది, చివరికి "అన్నట్టు, వాడు కాలు ఈడ్చాడు" అంది.

"నీకు రోజూ ఇలాగే గొంతు పట్టేస్తే ఎంత బాగుండునమ్మా" అన్నారు మాస్టారు. ఆ గదిలో ఆమెకి దక్కిన మొదటి మెప్పు అది. ఆ ఈడ్చే కాలు ఇక ఆమెని వదల్లేదు. బస్సులోనూ అదే, కూర తరుగుతున్నా అదే.

గొంతు బాగుపడిన రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వీధిలో జనం మూగి ఉన్నారు. వాళ్ళ బాల్కనీకి ఎదురుగా ఉన్న మందుల షాపుని, యజమాని భోజనానికి వెళ్ళిన వేళ చూసి ఎవరో తాళం విరగ్గొట్టి దోచుకుపోయారు. కంప్యూటరూ, ఖరీదైన మందుల పెట్టె ఒకటీ పోయాయి. పోలీసులొచ్చి షాపు చూసి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళతో రేపు మాట్లాడతామని వెళ్ళారు.

మెట్లెక్కి తలుపు తీసేసరికి అత్తగారు హాల్లో నిలబడి ఉంది, చేతిలో బట్టల క్లిప్పులు అలాగే ఉన్నాయి. "నేను చూశానే వాణ్ణి" అంది.

చిటపట బ్యాగు దించలేదు, చెప్పులు విప్పలేదు. ముందు రెండు కుర్చీలు లాగింది.

"ఇక్కడ కూర్చోండి అత్తయ్యా."

"ఎదురెదురుగానా, డాక్టరు దగ్గరలాగా?"

"కొంచెం పక్కకి. ఆ, అలా. నీళ్ళిక్కడ పెడుతున్నాను."

"నాకు దాహంగా లేదు."

"పద్ధతి అత్తయ్యా, ఉండాలి."

"దాహం వెయ్యడం కూడా పద్ధతేనా మీ చదువులో" అంటూనే ఆవిడ కూర్చుంది. ఆవిడకి లోపల సరదాగానే ఉంది. "బట్టలు ఆరేస్తున్నాను. షట్టర్ సగమే ఎత్తి ఉంది. దాని కింద నుంచి ఒకడు వంగి బయటికొచ్చాడు. వీపు మీద నల్లసంచి. మొహం ఇటు తిప్పలేదు. అటు వీధి చివరికి పోయాడు."

అత్తగారు ఆగి కళ్ళు మూసుకుంది. వంటింట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. చిటపట ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుంది. ఇంకొంచెం ఆగుదాం, ఇంకొంచెం, అనుకుంటూనే ఉంది. నోరు ఆమెని అడక్కుండా తెరుచుకుంది.

"నడకలో తేడా ఏమైనా ఉందా అత్తయ్యా? ఎడమకాలు ఇలా ఈడ్చడం లాంటిది?" అంటూ అరచెయ్యి బోర్లించి గాలిలో పక్కకి లాగి చూపించింది.

అత్తగారు కళ్ళు తెరిచి ఆ చేతిని చూసింది. "ఈడ్చడమా... ఆ. ఈడ్చినట్టే ఉంది."

చిటపట క్లాసులో దొరికిందే ఇంట్లోనూ దొరికిందని పొంగిపోయిందే తప్ప, ఒకే కాలు రెండుచోట్ల ఎలా దొరుకుతుందని ఆమెకి తోచలేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. వంగి వచ్చాడు, నల్లసంచి, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళాడు అని గడగడా చెప్పింది. "ఈ వయసులో ఇంత వివరంగా చెప్పినవాళ్ళని నేను చూడలేదమ్మా" అన్నాడాయన. చిటపట వంక చూసి, "వచ్చే నెల మా స్టేషన్లో బాధితుల సహాయ కేంద్రంలో చేరేది మీరే కదూ? ఇంట్లోనే మంచి ట్రైనింగ్ ఉంది మీకు" అని నవ్వాడు. ఆ కేంద్రంలో మూడు నెలలు పనిచేసి, ఆయన చేత బాగుందనిపించుకుంటేనే ఆమెకి డిగ్రీ చేతికొస్తుంది.

ఆ వీధిలో కాలు ఈడ్చే మనిషి ఒక్కడే. పార్సిళ్ళు తెచ్చే ఆయన. ఎప్పుడో బండి మీద నుంచి పడి మోకాలు దెబ్బతింది. రోజూ మధ్యాహ్నం ఆ వేళకే, వీపున నల్లసంచితో తిరుగుతాడు. సాయంత్రానికల్లా ఆయన్ని స్టేషన్‌కి పిలిపించారు. ఆ పైన రోజూ పొద్దున్నే రమ్మని కూర్చోబెట్టేవారు. కంపెనీవాళ్ళు సంచి, టోపీ వెనక్కి తీసుకున్నారు. వీధికి పార్సిళ్ళు తేవడానికి ఎవరో కొత్తమనిషి వచ్చి, ఇళ్ళు తెలియక కిందనుంచి కేకలు పెట్టసాగాడు.

"నమ్మకంగా ఉండేవాడు, ఎవరి కడుపులో ఏముందో" అంటూ పైఅంతస్తు ఆవిడ వచ్చి కూర్చుంది. అత్తగారు మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. చిటపట పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటోంది.

"ఎడమకాలు. ఇదిగో, ఇలా" అని అత్తగారు అరచెయ్యి బోర్లించి గాలిలో పక్కకి లాగింది.

చిటపట చేతిలో కాయ అలాగే ఆగిపోయింది. అది తన చెయ్యి. ఆ బోర్లించడం తనది, ఆ లాగడం తనది. తను చూపించకముందు అత్తగారి నోట కాలు మాటే లేదు. ఆ కాలు పొడుగుపాటి కుర్రాడిది. క్లాసులోంచి బస్సెక్కి తనతో పాటు ఇంటికొచ్చి, అత్తగారి కళ్ళలో దూరి, అక్కణ్ణుంచి పోయి పార్సిలాయన మోకాలికి తగులుకుంది.

ఆ పూట నుంచి ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. బాల్కనీలోకి వెళ్ళి షాపు చూసేది, లోపలికొచ్చేది, మళ్ళీ వెళ్ళేది. మొగుడు లిఫ్టుల మెకానిక్. ఒంటికి గ్రీజుతో ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నవాణ్ణి పట్టుకుని అంతా చెప్పింది.

"పోలీసులే తేల్చుకుంటారులేవోయ్. తప్పు బటన్ నొక్కావు, తప్పు అంతస్తుకి పోయింది. అంతేగా."

"లోపల ఇంకొకాయన ఇరుక్కున్నాడు. మీరైతే ఇంటికొచ్చేస్తారా?"

ఆయన ముద్ద కంచంలో దించాడు. "రాను" అన్నాడు. "కానీ అమ్మకి ఎలా చెప్తావు?"

ముందు మాస్టారికి చెప్పింది. ఆయన స్టాఫ్‌రూములో టీ తాగుతూ చివరిదాకా విన్నారు.

"నువ్వు అడగకముందు ఆవిడ కాలు మాట ఎత్తలేదు. ఖాయమా?"

"ఖాయమండీ."

"అయితే అది మన క్లాసు కాలే."

"ఇంకోసారి పద్ధతిగా అడిగితే..."

"పిండిలో కలిసిన ఉప్పు ఏరతావా? అది ఇప్పుడు ఆవిడ జ్ఞాపకమే. అబద్ధం కాదు, ఆవిడ నిజంగానే చూస్తోంది. నీ ప్రశ్న సంగతి స్టేషన్లో చెప్పాల్సింది నువ్వు. నేను వెంటొస్తే శిష్యురాల్ని కాపాడుకోడానికి వచ్చానంటారు."

"పోస్టింగ్ ఆయన దగ్గరేనండీ."

"తెలుసు. నిన్ను పంపే ఉత్తరం మీద సంతకం నాదే" అని కప్పు కింద పెట్టారు.

అత్తగారికి చెప్పడం అంతకన్నా కష్టమైంది.

"అంటే నేను చూడలేదంటావా?"

"చూశారు అత్తయ్యా. వీపు చూశారు, సంచి చూశారు."

"కాలూ చూశాను. కళ్ళు మూసుకుంటే ఇప్పుడూ కనిపిస్తోంది."

"కనిపిస్తుంది. అది నేను పెట్టింది. నేను అడగకపోతే కనిపించేది కాదు."

"ముసల్దానికి మతిపోయిందని నాలుగు వీధుల్లో చాటు. నీ చదువుకి పనికొస్తుంది" అని అత్తగారు లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆ పూట నుంచి ఆవిడ కోడలితో నేరుగా మాట్లాడలేదు. "మీ ఆవిడ కూరలో ఉప్పు మర్చిపోయింది" అని కొడుక్కి చెప్పేది, పక్కనే ఆమె వడ్డిస్తున్నా సరే.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ ఆమెకి కుర్చీ చూపించాడు. మధ్యలో బల్ల, బల్ల మీద ఫైళ్ళ గుట్ట. చిటపట మొదలుపెట్టి రెండు మాటలు అనేసరికి ఆయన అందుకున్నాడు.

"అంటే మీ అత్తగారు అబద్ధం చెప్పారంటారు."

"ఆ మాట నేను అనలేదు సార్."

"సరే, మతిమరుపుతో చెప్పారు."

"అదీ అనలేదు. కాలు మాట ముందు ఎత్తింది నేను. ఆవిడ కాదు."

"ఆ పార్సిలతను మీ ఇంటికి వచ్చాడా? బతిమాలాడా? భయపెట్టాడా?"

"లేదు సార్."

"పాపం అనిపించింది, అంతేనా?"

"నేను జరిగింది జరిగినట్టు చెప్తాను. మీరు కాసేపు ఆగితే మొత్తం చెప్పేస్తాను."

ఇన్‌స్పెక్టర్ పెన్ను పక్కన పెట్టాడు. బుగ్గలు ఎర్రబడ్డాయి. "చెప్పండి, వినడం మీరే నేర్పండి మాకు" అన్నాడు. చిటపట వెక్కిరింతని పక్కకి నెట్టి, క్లాసులో పొడుగుపాటి కుర్రాడి దగ్గర్నుంచి తన అరచెయ్యి దాకా వరసగా చెప్పింది. ఆయన అదంతా వాంగ్మూలంగా రాయించి, చదివి వినిపించి సంతకం తీసుకున్నాడు. ఆ కేసులో ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారం ఆ కాలు. అదిప్పుడు లేదు.

"పార్సిలతన్ని పంపించేస్తాను, ఇంక పట్టుకోడానికి ఏమీ లేదు" అన్నాడు చివరికి. "మీ పోస్టింగ్ సంగతి మాత్రం మీ మాస్టారికి రాస్తాను. సాక్షుల్ని ఇంట్లో తయారుచేసే మనిషిని బాధితుల ముందు కూర్చోబెట్టలేను."

"న్యాయమే సార్" అంది చిటపట. అనేసి, బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని చెప్పు పట్టీ ఊడదీసి పెట్టుకుంది, మళ్ళీ ఊడదీసి పెట్టుకుంది. డిగ్రీ ఇంకో ఏడాది దూరం జరిగింది.

నాలుగు రోజుల తర్వాత తలుపు చప్పుడైంది. పార్సిలాయన. సంచి లేదు, టోపీ లేదు. అవి లేకపోయేసరికి ఎవరో పరాయి మనిషిలా కనిపించాడు.

"లోపలికి రండన్నా" అంది చిటపట.

"వద్దమ్మా. మీరెళ్ళి చెప్పారని ఇన్‌స్పెక్టర్ అన్నాడు."

"నా వల్లే జరిగిందన్నా. నేను..."

"అదీ అన్నాడు." ఆయన చూపు ఆమె మీద లేదు, గుమ్మం మీద ఉంది. "మా మేనేజర్ రానివ్వట్లేదు. పోలీసులు వదిలేస్తే సరిపోదట, చూసినావిడ ఉండగా నిన్నెలా పంపను ఇళ్ళకి అంటున్నాడు. మీరొచ్చి ఆయనకి చెప్పాలి. అది అడగడానికే వచ్చాను. వేరే ఏం లేదు."

చిటపట దుపట్టా అందుకుంది. లోపల గదిలోంచి అత్తగారు వచ్చి, ఎవరి వంకా చూడకుండా గోడకి చెయ్యానించి చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టింది.

"మీరెందుకు అత్తయ్యా, ఎండ."

"చూసినావిడ ఉండగా అన్నాడుగా. ఆ చూసినావిడ నువ్వు కాదు" అంది. వారం రోజుల్లో కోడలితో నేరుగా అన్న మొదటి మాట అది.

పార్సిళ్ళ గోడౌన్ రేకుల షెడ్డు. అట్టపెట్టెలు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి, టేపు చింపుతున్న చప్పుడు ఆగకుండా వస్తోంది. మేనేజర్ నిలబడే మాట్లాడాడు. చిటపట చెప్పినదంతా విని, "మీరు చదువుకున్నవాళ్ళు, ఏదో చెప్తారు" అని అత్తగారి వైపు తిరిగాడు. "పెద్దమ్మా, మీరు చెప్పండి. కాలు చూశారా, చూడలేదా?"

అత్తగారు పార్సిలాయన మోకాలి వంక చూసింది. చిటపటకి ఏదో ఒకటి అందించాలని నోటి దాకా వచ్చింది.

"నాకు కాలు కనిపిస్తూనే ఉంది బాబూ" అంది అత్తగారు. "ఇప్పుడూ కనిపిస్తోంది. నా మనసు నాకు అబద్ధం చెప్తోందంటే నమ్మబుద్ధి కావట్లేదు. కానీ అది తను అడిగాకే వచ్చిందని మా కోడలంటోంది. దానికి నోటి తొందర ఉంది, ఓపిక లేదు, కూరలో ఉప్పెప్పుడూ గుర్తుండదు. లేనిది చెప్పడం మాత్రం రాదు. ఏడాది చదువు పోతుందని తెలిసీ వెళ్ళి చెప్పొచ్చింది. అందుకని నా కళ్ళ మాట పక్కన పెట్టి దాని మాట తీసుకో. నేను ఈ మనిషిని చూళ్ళేదు. వీపు చూశాను, అంతే."

మేనేజర్ బుర్ర గోక్కున్నాడు. అటూ ఇటూ చూసి, షెల్ఫు మీద నుంచి నల్లసంచి ఒకటి తీసి పార్సిలాయన ముందు పడేశాడు. "రేపట్నుంచి రా. నీ రూటు నీకే."

పార్సిలాయన సంచి ఎత్తుకుని, బెల్టు లాగి చూసుకుని, భుజాన వేసుకున్నాడు. ఆ బరువు తగిలాక మళ్ళీ తెలిసిన మనిషిలా అయ్యాడు.

"రూటు మార్చండి సార్" అన్నాడు నెమ్మదిగా. "ఎంత దూరమైనా వెళ్తాను. వాళ్ళ వీధి మాత్రం వద్దు."

మేనేజర్ ఇద్దరాడవాళ్ళ వంకా ఇబ్బందిగా చూశాడు. చిటపట ఏదో అనబోయింది. పార్సిలాయన అప్పటికే కాలు ఈడ్చుకుంటూ పెట్టెల మధ్య నుంచి అవతలి గుమ్మం వైపు నడుస్తున్నాడు. అత్తా కోడళ్ళిద్దరూ అటు చూడలేక, ఎండలోకి నడిచారు.